ఊదా సిరా

వెన్నెల జవాబు పత్రం పోయింది ఆ సోమవారమే.

పెనుకొండలో పుష్పావతి పాఠం చెప్పే ప్రైవేటు బడికి ఆ రోజు హిందూపురం నుంచి కాగితాలు కోసే కంపెనీ బండి వచ్చింది. పోయినేడు పదో తరగతి జవాబు పత్రాల్లో ఎవరో బజ్జీలు కట్టిచ్చారు. తన కొడుకు సున్నా మార్కును ఊరంతా నూనెలో చూసిందని ఒక తండ్రి బడి మీదికి వచ్చాడు. అప్పటినుంచి పాత పత్రాలన్నీ సీలు వేసిన సంచుల్లో మిషన్‌కే పోతున్నాయి.

స్టాఫ్ రూం బీరువా కింది అరలో పుష్పావతి దాచుకున్న నాలుగు తావులూ వాటితోపాటే పోయాయి. ఆమె అప్పుడు ఏడో తరగతి గదిలో పాఠం చెబుతోంది.

అవి ఆమె కూతురు వెన్నెల రాసిన చివరి తెలుగు పరీక్ష తావులు. నీలం సిరాతో రాయాల్సింది ఊదా సిరాతో రాసిందని తల్లే ఒక మార్కు తీసేసింది. ఆ తర్వాత నెలకు పిల్ల జ్వరంతో పోయింది.

మరునాడు పుష్పావతి హిందూపురం బస్సెక్కింది.

షెడ్డులో మిషన్ దగ్గర గడ్డం నెరసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. చొక్కాకు షంషుద్దీన్ అని పేరు బిళ్ళ.

"పెనుకొండ సంచులా? నిన్ననే కోసేస్తిమి తల్లీ."

"ఒక్కటీ మిగల్లేదా?"

ఆయన మూలనున్న పీలికల కుప్ప చూపించాడు. "అంతా ఆడనే ఉండాది."

"నా బిడ్డ చేతిరాత పెద్దాయనా. ఒకవైపు రాసిన నాలుగు తావులు. ఇంక లేదు ఆ పిల్ల."

ఆయన మిషన్ ఆపాడు.

"ఏం రంగు సిరా?"

"ఊదా."

"అన్నీ ఊదానేనా? గీతల కాగితమా, తెల్లదా?"

పుష్పావతికి ఒళ్ళు మండింది.

"కోసి కుప్ప పోసినాక రంగెందుకప్పా నీకు? చీరకు అంచు కలుపుతావా?"

"ఊరికే అడిగితి తల్లీ."

ఆమె వెనక్కి తిరిగి వచ్చేసింది.

శుక్రవారం ఆ కంపెనీ మేనేజరు మంజునాథ్ ఫోన్ చేశాడు.

"మేడం, మా సాయిబు మీ బడి పీలికలు టిఫిన్ క్యారియర్‌లో పెట్టుకొని పోతా దొరికినాడు. ఎందుకని అడిగితే నోరు తెరవడు. పిల్లోళ్ళ పేర్లు, ఫోన్ నెంబర్లు అమ్ముకుంటారు ఇట్లాంటోళ్ళు. మీరొచ్చిన దినం ఏమన్నా అడిగినాడా?"

"అడిగినాడు. ఏ రంగు సిరా, ఎట్లాంటి కాగితం అని."

"అదే రాసియ్యండి మేడం."

ఆలోచించే ఓపిక ఆమెకు లేదు. 'మీ ఉద్యోగి మా పత్రాల గురించి అవసరానికి మించి ఆరా తీశాడు' అని రాసి పంపింది. మాటలు తూచి రాయడం ఆమెకు అలవాటు. అందులో అబద్ధమేమీ లేదు.

నెల తర్వాత బడి ఆయా కుళ్ళాయమ్మ ఒక గుడ్డ చుట్ట తెచ్చి ఆమె బల్ల మీద పెట్టింది.

"ధర్మవరం సాయిబంట మేడం. రైలుకు టైమైతాందని ఇచ్చేసి పోయినాడు."

పుష్పావతి చుట్ట విప్పింది.

తెల్ల గుడ్డ మీద వరసగా మూడు తావులు. దారాల్లాంటి పీలికలు ఒకదాని పక్కన ఒకటి, గంజితో అతికి ఉన్నాయి. సగం అక్షరం దాని మిగతా సగాన్ని తప్పకుండా కలుసుకుంది. ఊదా సిరా. పక్కన తను మార్కు తీసేసిన ఎర్ర గీత, అదీ ఎక్కడా తెగలేదు.

"ముందు మగ్గాలకు అచ్చు అతికేటోడంట. అయిపోయిన పోగు కొసకు కొత్త పోగు కలిపి ముడేసేది, వేలకు వేలు. మగ్గాలు నిలిచిపోతే ఆ మిషన్ పనికి పోయినాడంట. ఇప్పుడు అదీ పోయిందంట."

"నాలుగో తావు?"

"ఆ పీలికలు ఆయప్ప పట్టుబడిన దినం లాగేసుకున్నారంట. టీచరమ్మను ఏమీ అనుకోవద్దని చెప్పమన్నాడు."

పుష్పావతి గుడ్డ మీదికి వంగింది. నడిమి తావు తలకిందులుగా అతికి ఉంది.

"ఇంత చక్కగా అతికి, ఇది చూసుకోలేదేం?"

"ఆయప్పకు చదువు యాడిది మేడం? గేటు బుక్కులో పేరు రాయమంటే బొటనవేలు చూపించి నవ్వినాడు."

ఉత్తరం రాస్తే ఆయన చదవలేడు, ధర్మవరం వెళ్ళి ఎదురుగా నిలబడి తప్పు తనదని చెప్పాలి. పుష్పావతి ఇంకా వెళ్ళలేదు.