నిచ్చెన మీద ప్రసంగం

"ఈ బోర్డు గోడకెక్కిందంటే ఇక మన చర్చి గుమ్మం తొక్కడానికి నాకు ముఖం ఉండదండీ" అంది రూతు.

"తొక్కడమెందుకు? రేపట్నుంచి ఆరాధన ఇక్కడే, మన గరాజ్‌లోనే" అన్నాడు సుందర్ రాజ్, నిచ్చెన తెరుస్తూ.

"మరి నా క్వాయర్? క్రిస్మస్‌కి మూడు వారాలే ఉంది. కింది స్వరం, ఆల్టో, పాడేది నేనొక్కదాన్నే."

"ఇక్కడ పాడుకో."

"ఎవరితో? లాన్ మోవర్‌తోనా?"

సుందర్ రాజ్ డ్రిల్ అందుకున్నాడు. బబుల్ రాప్ చుట్టిన ఆ పొడవాటి బోర్డు ఆన్‌లైన్‌లో తెప్పించాడు. దాని మీద ఏం రాయించాడో భార్యకి కూడా చెప్పలేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన దాచిన సంగతి ఇదొక్కటే కాబట్టి, రూతుకి ఆ బోర్డు అంటే చిరాకుతో పాటు కాస్త గుబులుగా కూడా ఉంది.

అప్పుడే గరాజ్ ముందు ఇద్దరు తెల్ల కుర్రాళ్ళు సైకిళ్ళు దిగారు. తెల్ల చొక్కాలు, టైలు, జేబుల మీద నల్ల బ్యాడ్జీలు.

"గుడ్ మార్నింగ్ సర్! నేను ఎల్డర్ హాన్సెన్, ఇతను ఎల్డర్ పైక్. నిచ్చెన పట్టుకోమంటారా?"

సుందర్ రాజ్ కళ్ళజోడు సవరించుకుని బ్యాడ్జీ చదివాడు. మొహం వెలిగిపోయింది.

"రూతూ, ఇంటింటికీ ప్రచారానికొచ్చే మోర్మన్లు! లాటర్ డే సెయింట్స్ అట. అంటే కడవరి దినాల పరిశుద్ధులు. పేరులోనే ఎంత గర్వమో చూడు!" అని తెలుగులో అనేసి ఇంగ్లీషులోకి దిగాడు. "పట్టుకోండి బాబూ. పట్టుకుని, నేను చెప్పేది కూడా వినండి."

వాళ్ళ చరిత్ర మీద ఆరు నెలలుగా వీడియోలు చూసి నోట్సు రాసుకున్న మనిషికి, కదలకుండా నిచ్చెన పట్టుకుని నిలబడే ఇద్దరు శ్రోతలు దొరకడం మామూలు అదృష్టం కాదు.

"నీ వయసెంత?"

"పంతొమ్మిది సర్" అన్నాడు హాన్సెన్.

"పంతొమ్మిదికే ఎల్డరా! మా చర్చిలో సంఘ పెద్దనయ్యేసరికి నాకు నెత్తిన వెంట్రుక మిగల్లేదు. సరే, మీ మతం పెట్టిన జోసెఫ్ స్మిత్, లేఖనాలు చెక్కిన బంగారు రేకులు దొరికాయన్నాడు. ఏవీ? దూత వెనక్కి పట్టుకుపోయిందట. అవి చదివిందెలాగ? టోపీలో ఒక రాయి వేసి, అందులో మొహం పెట్టి! మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఎవడైనా ఇలా పని చేశానంటే కోడ్ రివ్యూ దాటుతుందా?"

డ్రిల్ బర్రుమంది. మొదటి స్క్రూ దిగింది.

రూతు లోపలికి వెళ్ళి టీ తెచ్చింది. వాళ్ళ మతంలో టీ తాగరట. పాపం, పొద్దుట్నుంచి సైకిళ్ళ మీద తిరిగారని మజ్జిగ కలిపి ఇచ్చింది. పైక్ కరివేపాకు నమిలి, ఉమ్మాలో మింగాలో తెలియక మింగేశాడు.

"ఇక మీ స్మిత్ పెళ్ళాల సంగతి" పైనుంచి గొంతు లేచింది. "ముప్పై మందికి తక్కువ కాదు. వాళ్ళలో కొందరికి అప్పటికే మొగుళ్ళున్నారు! సంఘానికి అధ్యక్షుడు ఏకపత్నీపురుషుడై ఉండాలని పౌలు రాశాడా లేదా?"

"ఆ సంగతి మా చర్చే ఒప్పుకుంది సర్. మేమూ చదివాం" అన్నాడు హాన్సెన్, చెవులు ఎర్రబడుతుండగా.

"చదివీ నమ్ముతున్నారా!"

రెండో స్క్రూ దిగింది. రూతుకి లోలోపల కాస్త గర్వంగానే ఉంది. ఆయన అడిగేవాటిలో తీసిపారెయ్యాల్సింది ఒక్కటీ లేదు. ఆ నోరు ఈ గరాజ్‌కి కాకుండా తన చర్చికి పనికొస్తే ఎంత బాగుండును అనిపించింది.

"అన్నిటికన్నా అసలైనది ఇప్పుడు వినండి" అన్నాడు సుందర్ రాజ్, నాలుగో స్క్రూ బిగించి. "అప్పటికి స్మిత్ పద్నాలుగేళ్ళ పిల్లాడు. అడవిలోకి వెళ్ళి ప్రార్థన చేశాడట. ఊళ్ళో ఉన్న చర్చిలన్నీ తప్పే, దేంట్లోనూ చేరొద్దని దేవుడు చెప్పాడట. ఆపైన సొంతంగా ఒకటి పెట్టేశాడు! నేనడిగేది ఒక్కటే. చుట్టూ ఉన్న అందరి విశ్వాసమూ తప్పు, తనదొక్కటే ఒప్పు అనుకోవడానికి మనిషికి ఎంత అహంకారం ఉండాలి?"

కుర్రాళ్ళు తలలు దించుకున్నారు. గెలిచిన ఉత్సాహంలో సుందర్ రాజ్ బబుల్ రాప్‌ని ఒక్క లాగు లాగాడు.

ఎర్రటి అక్షరాలు తళతళలాడాయి. రూతు చదివింది. మళ్ళీ చదివింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏం రాసుంది సర్?" అడిగాడు పైక్.

"ఏదో... పేరు" అన్నాడు సుందర్ రాజ్. ఆయన గొంతు మొదటిసారి తగ్గింది.

హాన్సెన్ అప్పటికే ఫోన్ కెమెరా బోర్డు వైపు పెట్టాడు. తెలుగు అక్షరాలు తెర మీద ఇంగ్లీషయ్యాయి. అతను పైకి చదివాడు. "కడవరి దినాల... ఏకైక సత్య సంఘం."

తన బ్యాడ్జీ చూసుకున్నాడు. బోర్డు చూశాడు. మొహం చేటంత చేసుకున్నాడు.

"సర్! మీరూ మా వాళ్ళేనా? ముందే చెప్పొచ్చుగా!"

రూతు ఇక ఆపుకోలేకపోయింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటూ నిచ్చెన దగ్గరకొచ్చింది.

"మన క్యారీ ఊళ్ళో ఉన్న మూడు తెలుగు చర్చిలూ తప్పేనని తేల్చారు కదా. ఇంతకీ మీరు ఏ అడవికి వెళ్ళారండీ?"

సుందర్ రాజ్ స్క్రూలు ఊడదీసేలా డ్రిల్ మీద ఉన్న మీటని వెనక్కి నొక్కి, మొదటి స్క్రూ దగ్గర పెట్టాడు.

"బాబూ, నిచ్చెన వదలకండి. రూతూ... ఇవాళ క్వాయర్ ప్రాక్టీసు ఎన్నింటికి?"