చిరుతకు చెమట పట్టించిన ముంగిస

కొండ జంతువులకూ వాగు జంతువులకూ క్రికెట్ పోటీ జరుగుతోంది. వెలగకాయే బంతి. కొండ జట్టు చిరుత విసిరితే ఆ బంతి ఈల వేస్తూ వచ్చేది. వాగు జట్టులో నెమలి పాతిక పరుగులు చేసి, అడవంతా కేరింతలు కొడుతుండగా అవుటైంది. గెలవడానికి ఇంకా ఆరు పరుగులు కావాలి. చివరి జోడీగా ముంగిస, ఉడుము మిగిలాయి.

మొదటి బంతి ముంగిస డొక్కలో తగిలింది. అది కూలబడి, లేచి, మళ్లీ బ్యాటు పట్టింది. రెండో బంతి తలమీదికి దూసుకొచ్చింది. ముంగిస రెప్ప వేయకుండా ఆఖరి క్షణందాకా చూసి, వెంట్రుకవాసిలో తప్పుకుంది. చిరుత పంజా చెమర్చింది. మూడో బంతిని ముంగిస మెల్లగా పక్కకు తోసి ఒక పరుగు తీసింది. తర్వాతి బంతికే ఉడుము అవుటైంది. కొండ జట్టు గెలిచింది.

“చిరుతన్నా, వాళ్లలో గొప్ప ఆటగాడెవరు?” అని కుందేలు అడిగింది.

నెమలి పింఛం సర్దుకుంది.

“ముంగిస,” అంది చిరుత.

“అది చేసింది ఒక్క పరుగే కదా!” అని నెమలి మండిపడింది.

“నీకు వేసేటప్పుడు నువ్వెప్పుడు తప్పు చేస్తావా అని చూశాను. దానికి వేసేటప్పుడు బంతి ఎక్కడ వెయ్యాలో నాకే తోచలేదు.”