ఉన్నదున్నట్టు గీసిన ముఖం

ఇద్దరు సిపాయిలు ఆ పటాన్ని మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చి, కుర్చీకి ఆనించి వెళ్ళిపోయారు. బంగారు పూత చట్రం ఒక మూల విరిగింది.

చిత్రకారుడు అన్సెల్మ్ వంగి చూశాడు. పటం కింద సంతకం తనదే.

నిలువెత్తు నూనెరంగుల బొమ్మ. నీలం పట్టు గౌను, పౌడరు అద్దిన జుట్టు, వేళ్ళ మధ్య గులాబి. ఈగ వాలితే జారిపోయేంత నున్నటి ముఖం. మదామ్ ద వొక్లేర్. నాలుగేళ్ళ కిందటిదాకా వెర్సాయ్ కొలువులో రాణిగారికి చేతితొడుగులు అందించిన మనిషి.

“గుర్తుపట్టావా, పౌరుడా?” అన్నాడు సిపాయిల వెనకే వచ్చిన స్కేవోలా. పేట విప్లవ కమిటీ మనిషి. నిరుడు దాకా నికొలా అనే పేరుతో కొవ్వొత్తులు అమ్ముకున్నాడు. రాజు తల తెగాక ఎవరో రోము వీరుడి పేరు తగిలించుకుని, దాని మీద ఎర్రటోపీ పెట్టాడు.

“దొరసాని గారిని ఎందుకు గుర్తుపట్టనండీ...” అన్నాడు అన్సెల్మ్, పాత అలవాటు కొద్దీ.

“గారూ లేదు, అండీ లేదు! అలా పిలిపించుకున్న తలలన్నీ బుట్టలో పడ్డాయి. ‘దాన్ని’ అను.”

నోరు జారితే మెడ జారే రోజులు.

“దాన్ని గుర్తుపట్టాను” అన్నాడు అన్సెల్మ్. తన భార్య పురిటి జ్వరంతో కాలిపోతుంటే రాజవైద్యుణ్ణి సొంత బండిలో పంపించింది ఈవిడే. భార్య బతకలేదు, అది వేరే సంగతి. ఆవిడ చెయ్యగలిగింది చేసింది.

“తప్పించుకుంది” అన్నాడు స్కేవోలా. “పారిస్ మాత్రం దాటలేదు. ఊరి ద్వారాల దగ్గర కాపలావాళ్ళలో ఒక్కడికీ దాని మొహం తెలీదు. నువ్వు ఇది చూసి చిన్న చిన్న బొమ్మలు గీసివ్వాలి. ద్వారానికొకటి. దొరికిందా, ఆ పూటే బండెక్కిస్తాం.”

ఆ బండి ఎక్కడికి పోతుందో ఈ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు.

పొయ్యి పక్కన ఉల్లిపాయలు తరుగుతున్న పెరీన్ గట్టిగా నవ్వింది. “బండెక్కించే ముందు ఆ పట్టు గౌను నాకిప్పించు పౌరుడా! చలికాలం వస్తోంది, లోపావడా కుట్టుకుంటా.”

“ఎవరీ ఆడది?” అన్నాడు స్కేవోలా.

“కొత్త వంటమనిషి. పల్లెటూరిది. కాస్త నోరెక్కువ” అన్నాడు అన్సెల్మ్, నేల చూపులు చూస్తూ.

స్కేవోలా బల్ల మీదకి వంగాడు. “ఉల్లిపాయలు తరగడం ఇలాగేనా? గుర్రపు దాణాలా ఉన్నాయి. మా అమ్మ చూస్తే ముందు నీ వేళ్ళు తరిగేది.”

“మీ అమ్మకి పళ్ళూడిపోయాయేమో! ఇతగాడికి ఉన్నాయిలే, నములుతాడు.”

స్కేవోలా పగలబడి నవ్వాడు. దగ్గరికెళ్ళి ఆమె గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పాడు. ముఖమంతా మశూచి గుంటలు. “మొహమా ఇది, జల్లెడా? పిండి జల్లించుకోవచ్చు!”

“రొట్టెల కొట్టులో పిండంటూ ఉంటే కదా, జల్లించడానికి!”

ఈసారి ఇంకా గట్టిగా నవ్వాడు. ఆమె మోచెయ్యి పట్టి లాక్కొచ్చి పటం పక్కన నిలబెట్టాడు. “చూశావా? అదీ ఆడదే, ఇదీ ఆడదే! దేవుడు లేడని మా కమిటీలో ఊరికే అంటున్నారా?”

అన్సెల్మ్ నవ్వలేదు.

స్కేవోలా నవ్వు ఠక్కున ఆగింది. “నీకేం దిగులు? దాని కోసమా?”

అన్సెల్మ్ నవ్వాడు. ఆ నవ్వు అతనికే ముసలి కుక్క దగ్గినట్టు వినిపించింది. పెరీన్ మళ్ళీ వెళ్ళి ఉల్లిపాయల ముందు కూచుంది. అతను అటు చూడలేకపోయాడు. పటం వైపు అసలే చూడలేకపోయాడు.

“ఆఖరి మాట” అన్నాడు స్కేవోలా, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి. “నువ్వు గీసిన ఈ మొహం ఉన్నదున్నట్టేనా? బొమ్మ నమ్ముకుని కాపలావాళ్ళు పొరబడితే, దాని తలకి బదులు నీ తల పోతుంది.”

అన్సెల్మ్ చట్రం విరిగిన మూలని సర్దాడు. పాతికేళ్ళుగా కుంచె పట్టుకుని బతికాడు. వొక్లేర్ వాళ్ళ ఇంట్లో ఎన్నోసార్లు ఉప్పు తిన్నాడు. బల్ల మీద కత్తి చప్పుడు ఆగింది.

“నిన్నే అడుగుతున్నా!”

“ఉన్నదున్నట్టే. వెంట్రుక వాసి తేడా ఉండదు.”

“ఒట్టు?”

“మా ఆవిడ సమాధి మీద ఒట్టు.”

“అదీ పౌరుడంటే!” అని స్కేవోలా అతని వీపు మీద చరిచాడు. చెంప మీద కొట్టినా అంత మంట పుట్టేది కాదు. ఒంటరిగా మట్టిలో పడుకున్న భార్యని, ఆ మట్టి మీదే ఒట్టేసి అమ్ముకున్నట్టనిపించింది. నిలబడలేక పటం ముందు కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

మెట్ల మీద చెక్కబూట్ల చప్పుడు పూర్తిగా అణిగిపోయాక, మదామ్ ద వొక్లేర్ చేతిలోని ఉల్లిపాయ పక్కన పెట్టి, మచ్చల చెంపల మీది తడి తుడుచుకుంటూ, “ఏడవకు అన్సెల్మ్, పటంలో ఒక్క మచ్చ కూడా కనబడకూడదని ఆనాడు నీ ప్రాణాలు తోడింది నేనే కదా” అంది.