పావుగంట రేడియో

రేడియో బాగానే పాడింది. పావుగంట పాడి, ఒళ్లు వేడెక్కగానే ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయింది.

"సూసినావా తిప్పేషూ! దినామూ ఇదే యవ్వారం. సల్లారినాక మళ్లా పలుకుతాది" అంది లక్ష్మీనరసమ్మ.

తిప్పేష్ చూశాడు. లోపల నవ్వుకున్నాడు కూడా. రాయదుర్గం బస్టాండు పక్కన అతని రిపేరు కొట్టుకు ఎన్నో రేడియోలు వచ్చాయి. ఎర్రన్న ఇంటి రేడియో, అందులోనూ ఎర్రన్న పెళ్లాం చేతుల మీదుగానే వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

"సాయంత్రానికి బాగయితాదా నాయనా? ఈ పొద్దు రైతుల ప్రోగ్రాములో మా ఆయప్ప మాటలొస్తాయి, అరగంట. ఇంటి ముందర షామియానా ఏసి ఊర్నంతా పిలిచినాడు. వాళ్ల నాయన కొన్న ఈ రేడియోలోనే ఇనాలని పట్టు. ఆఖరిదాకా ఆగకుండా పలకాల."

"ఏం మాట్లాడినాడంట?"

"కరువులో పదిమందికీ నీళ్లిచ్చి తోటలు నిలబెట్టినానని."

తిప్పేష్ చేతిలోని స్క్రూడ్రైవర్ జారి బల్ల మీద పడింది.

ఎర్రన్న నీళ్లివ్వడమా! గుమ్మఘట్ట దగ్గర ఎర్రన్న వాళ్ల ఊళ్లోనే తిప్పేష్ తండ్రి తిప్పయ్యకు చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉండేది. ఎర్రన్న దాని పక్కనే ఇంకా లోతుగా బోరు వేయించాడు. తిప్పయ్య బోరు ఎండిపోయింది. చెట్ల ప్రాణం నిలబెట్టడానికి ఒక్క తడి ఇవ్వమని కాళ్లు పట్టుకుంటే, ఎర్రన్న కాలు విదిలించి పోయాడు. కాపు మీదున్న చెట్లను తిప్పయ్య తన చేత్తోనే నరుక్కున్నాడు. రాయదుర్గం వచ్చి జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్డుకు కాపలా కాస్తూ, ఆ దిగులుతోనే పోయాడు.

ఆ రోజుల్లో చాటుగా రెండు బిందెల నీళ్లు తెచ్చి తిప్పయ్య ఇంట్లో పోసింది ఈ లక్ష్మీనరసమ్మ ఒక్కతే. అది తెలిసి ఎర్రన్న ఆమెను వీధిలోకి ఈడ్చి, ఊరంతా చూస్తుండగా చెప్పుతో కొట్టాడు. అలాంటి మొగుడి గొప్పలు ఊరు వినాలని ఇప్పుడు ఇంత బరువు చంకనేసుకుని బస్సెక్కి వచ్చింది! ఈమెకు రోషమనేది ఉందా అని ఒళ్లు మండింది తిప్పేష్‌కు.

అయినా పని మొదలుపెట్టాడు. స్పిరిట్‌లో తడిపిన దూదితో లోపలి భాగాలను ఒక్కొక్కటే చల్లబరుస్తూ పోయాడు. ఒక చిన్న ట్రాన్సిస్టర్‌కు దూది తగలగానే రేడియో మళ్లీ పలికింది. జబ్బు దొరికింది. మార్చడం ఎంతసేపు!

చటుక్కున దూది తీసేశాడు. కాసేపటికి రేడియో మళ్లీ మూగబోయింది.

షామియానా కింద ఊరంతా కూర్చుంటుంది. ఎర్రన్న మీసం మెలేస్తుంటాడు. సరిగ్గా సగంలో రేడియో చస్తుంది. జనం మూతులు బిగబట్టి నవ్వుకుంటూ లేచిపోతారు. తలుచుకుంటేనే తిప్పేష్‌కు కడుపు చల్లబడింది. పాత ట్రాన్సిస్టర్‌ను అలాగే ఉంచి మూత బిగించేశాడు.

"అయింది పెద్దమ్మా. తీసకపో."

ఆమె కదల్లేదు. "ఏసి సూపీ. ఏడెక్కేదాకా కూసుంటా."

కూర్చుంది. వేడెక్కింది. ఆగిపోయింది.

"దూది పెట్టినప్పుడు పలికింది, నేను సూస్తానే ఉండా. జబ్బు దొరికినా నువ్వే ఇడిసిపెట్టినావు."

"ఔ, ఇడిసిపెట్టినా!" తిప్పేష్ ఇక దాచుకోలేకపోయాడు. "మా నాయన ఉసురు ఊరికే పోతాదా? ఊరందరి ముందర వాని నోరు సగంలో పడిపోవాల. నిన్ను చెప్పుతో కొట్టినోని కోసరం ఇంత పాకులాడతాండావే, నీకు సిగ్గులేదా పెద్దమ్మా?"

లక్ష్మీనరసమ్మకు కోపం రాలేదు. కొంగుతో రేడియో మీది దుమ్ము తుడిచి, దాన్ని మళ్లీ అతని ముందుకు జరిపింది.

"రేడియోవాళ్లకు చీనీకాయలు కోసుకొని తెచ్చేకి ఆయప్ప తోటలోకి పోయినప్పుడు, ఆ మైకు పట్టుకున్న ఆయమ్మ నన్ను గూడా మాట్లాడించింది నాయనా, ఉన్నదున్నట్టు సెప్పినా, అది ఆఖర్లో వస్తాది, ఆ సంగతి ఆయప్పకు తెల్దు."