బిందు చెప్పేదేంటంటే

“బిందు చెప్పేదేంటంటేనండీ...” అన్నాడు రవికుమార్.

అంతే. బిందుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇప్పుడే నోరు తెరిచింది. ఒక్క ముక్క పూర్తి కాలేదు. అప్పుడే ఆ మాట లాక్కుని, తనే నమిలి, తనే మింగేస్తున్నాడు మొగుడు. అదీ బయటివాళ్ళ ముందు.

అమలాపురంలో బట్టల కొట్టు మేడ మీద, కాపురాలకి అతుకులు వేసే కౌన్సెలింగ్ గది అది. బల్లకి అవతల భాస్కరరావుగారు, ఆయన భార్య పుష్పలతగారు కూర్చుని ఉన్నారు. ఇద్దరికీ యాభై దాటాయి. ఇద్దరూ ఓపిగ్గా చూస్తున్నారు.

బిందుకి పెళ్ళయి ఏడాది నిండలేదు. అయినా సరే, ఇవాళ గనక ఈ గదిలో మళ్ళీ తన మాటకి అడ్డొస్తే సాయంత్రం రాజోలు బస్సెక్కి పుట్టింటికి పోవాలని పొద్దున్నే ఒట్టు పెట్టుకుంది. సర్దిన బ్యాగు కుర్చీ పక్కనే ఉంది.

“రవికుమార్ గారండీ,” అంది.

రవికుమార్ గతుక్కుమన్నాడు. ఇంట్లో అయితే ‘నువ్వు’. ముద్దొస్తే ‘ఒరేయ్’. కోనసీమలో మర్యాద పెరిగిందంటే కోపం ముదిరిందని లెక్క.

“నేనేం చెప్పబోతున్నానో నాకే ఇంకా సగం తెలీదండి. తమరికి మొత్తం ఎలా తెలిసిపోయిందండీ?”

“అది కాదు బిందూ...”

“ఏది కాదో కూడా మీరే చెప్పేస్తారాండీ? మొన్న పళ్ళ డాక్టరు దగ్గర ఏం చేసేరు? ‘ఏ పన్నమ్మా నొప్పి’ అని ఆయన నన్నడిగితే, ‘పైవరసలో ఎడం పక్కదండీ’ అన్నదెవరండీ?”

“రాత్రంతా అక్కడే చెయ్యి పెట్టుకుని మూలిగావు కదా!”

“నాది కిందిదండీ! నోట్లో దూది కుక్కేసేక ఎలా చెప్పనండీ? కాళ్ళు తపతపా కొట్టుకుంటుంటే, ‘భయపడుతోందండీ, మీరు కానివ్వండి’ అన్నారు కూడాను! ఆ డాక్టరుగారు మళ్ళీ ఎక్స్‌రే చూసుకోబట్టి గానీ, బంగారంలాంటి పన్ను పోయేదండీ!”

భాస్కరరావుగారికి నవ్వాగలేదు. దాన్ని దగ్గులోకి దింపేశారు. పుష్పలతగారు ఆయన్ని ఓరగా చూశారు.

రవికుమార్ మొహం కందగడ్డైంది. అతనూ మర్యాదలోకి దిగాడు.

“తమరేమైనా తక్కువాండీ? రోజుల తరబడి మూతి బిగించుకుంటారు. ఏమైందండీ అంటే, ‘ఏం లేదండీ’! ఆ ఏం లేదులో ఏముందో తవ్వుకోలేక చస్తున్నానండి. అందుకే మీ మాటలు నేనే ఊహించుకోవడం మొదలెట్టేను. అలవాటైపోయిందండి!”

కింద వీధిలో కొబ్బరికాయల లారీ హారన్ కొట్టింది. వీళ్ళ గొంతులు దాన్ని మించిపోయాయి. మెట్ల మీద ఎవరో ఆగి తొంగిచూశారు.

ఏం లేదండీ. నిజమే, ఎప్పుడూ అనే మాటే. అన్నప్పుడు తన గొంతు అంత పుల్లగా ఉంటుందని, అతను వెక్కిరించేదాకా బిందుకి తెలీదు. తెలిసినందుకు ఇంకాస్త మండింది.

“ఇంతకీ,” అన్నారు భాస్కరరావుగారు నెమ్మదిగా, “మొదట చెప్పబోయిందేంటమ్మా?”

రవికుమార్ నోరు తెరిచాడు. పుష్పలతగారు చూపుడువేలు పెదాల మీద పెట్టి చూపించారు. మూసేసుకున్నాడు.

“ఒకరు మాట్లాడుతుంటే, పూర్తయ్యేదాకా రెండోవారు ఆగాలండీ,” అంది బిందు. “మనసులో ఉన్నది ఎదుటివాళ్ళే కనిపెట్టాలని కూర్చోకుండా, నోటితో చెప్పాలండీ. అంతేనండి. ఆ రెండు ముక్కలే చెప్పబోయేను.”

పెళ్ళయ్యాక మొదటిసారి ఆమె మాట చివరిదాకా వెళ్ళింది. అడ్డు రాబోయి రవికుమార్ గుటకలు మింగాడు గానీ, రాలేదు. “ఆయ్” అని ఒప్పుకున్నాడు చిన్నగా.

బిందు బ్యాగుని కాలితో కుర్చీ కిందికి తోసేసింది. కోపం మాత్రం పూర్తిగా దిగలేదు.

“ఇంకా ఉందండీ,” అంది.

“చెప్పండి,” అన్నాడు చేతులు కట్టుకుని.

భాస్కరరావుగారు, పుష్పలతగారు మొహమొహాలు చూసుకున్నారు. ఆయన లేచి, భార్య చేతిసంచీ తనే అందుకున్నారు.

“పదవే పుష్పా, కౌన్సెలింగు సారుగారికీ మేడంగారికీ ఇంకా తేల్చుకోవాల్సినవి చాలా ఉన్నట్టున్నాయి, మన విడాకుల సంగతి మరెప్పుడైనా వచ్చి చెప్పుకుందాం.”