ముక్కుపురుగుల పెట్టె

చెరువుగట్టున ఎవడో పెట్టె మూత తీసి గుర్రపుడెక్క మీద పురుగులు దులుపుతున్నాడు.

పడవవాడు తెడ్డు పట్టుకుని పరుగెత్తాడు.

ఆ కోపం ఈనాటిది కాదు. గుర్రపుడెక్క చెరువంతా కమ్మేసి వల వేయడానికి జానెడు నీళ్ళు మిగల్చలేదు. పడవ గట్టెక్కి ఎండుతోంది. ఆ కలుపు పోగొట్టే సర్కారు పథకం ఉందని విని అర్జీ పెట్టాడు. జీపులో ఆఫీసరు వస్తాడని కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నాడు.

వచ్చింది వీడు. మాసిన చొక్కా, అరిగిన చెప్పులు, కాలినడక.

"ఏం పోస్తున్నావురా మా చెరువులో?"

"పురుగులు బాబూ. ఈ ఆకు తినే బతుకుతాయి. కాస్త ఓపిక పట్టు, నీ నీళ్ళు నీకొస్తాయి."

పడవవాడి భార్య ఒకదాన్ని పట్టి చూసింది.

"ఇదిగో ముక్కు. మన బియ్యం డబ్బాలో పట్టేవి ఇవే."

"అవి వేరమ్మా. ఇవి ఆకలితో చస్తాయి గానీ ఈ కలుపు తప్ప ఇంకోటి ముట్టవు."

"భలే పతివ్రతలు," అన్నాడు పడవవాడు.

గట్టు మీదివాళ్ళంతా నవ్వారు.

"ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు. నేనే..."

"చేపలు పోయాయి, ఇక గింజలు కూడానా? గోరుచుట్టు మీద రోకటిపోటు," అంటూ తెడ్డెత్తాడు.

ఆ మనిషి చెయ్యి తలకు అడ్డం పెట్టుకోలేదు, పెట్టెకు పెట్టాడు. వేళ్ళు విరిగిన చప్పుడు అందరికీ వినబడింది.

"నన్ను కొట్టు బాబూ, వాటి జోలికి పోకు. మళ్ళీ పుట్టవు."

పురుగుల మీద అంత ప్రేమ చూసి అందరికీ ఇంకా ఒళ్ళు మండింది. గట్టు మీద మంట వేసి పెట్టెలోవి అందులో దులిపారు. ఆకుల మీదవి ఆకులతో సహా పీకి తగలబెట్టారు. అతను బూడిద దగ్గర కూర్చుని ఏడ్చి, చెయ్యి పొట్టకు ఆనించుకుని వెళ్ళిపోయాడు. గుక్కెడు నీళ్ళిచ్చినవాళ్ళు లేరు.

పెట్టె గట్టిది కదా అని పడవవాడి భార్య ఉంచుకుంది.

కొన్నాళ్ళకు జీపు రానే వచ్చింది. ఆఫీసరుకు కుర్చీ వేసి, టీ గ్లాసు పెట్టడానికి ఆ పెట్టెనే బోర్లించారు.

"పథకం ఎప్పుడో ఎత్తేశారయ్యా. ఆ మాట చెప్పిపోదామనే వచ్చాను," అన్నాడు ఆఫీసరు.

"మరి మా చెరువు?"

ఆఫీసరు గ్లాసు తీస్తూ పెట్టెను గుర్తుపట్టాడు. మొహం విప్పారింది.

"అయితే ఆయన వచ్చి వెళ్ళాడన్నమాట. పురుగులు వదిలాడుగా, ఇంక నీకు ఢోకా లేదు."

పడవవాడు భార్య వైపు చూశాడు. ఆమె నేల చూసింది.

"అలాంటి పెట్టె ఇంకోటి దొరుకుతుందాండీ?" అంది మెల్లగా.

"ఎక్కడిదమ్మా? ఉన్నదదొక్కటే."

"ఇంతకీ ఎవరండీ ఆయన?" అడిగాడు పడవవాడు.

"నీ అర్జీ చదివిన ఆఫీసరు; పథకం కోసం పెంచిన పురుగుల్ని తగలబెట్టమని పైవాళ్ళు చెబితే చేతులు రాక, ఉద్యోగం వదిలేసి వాటిని ఇంట్లో సాకింది ఆయనే."