తెల్ల ఇసుక మీద ఆకు

పొద్దున్నే సముద్రపు నాచు మోపు నెత్తిన పెట్టుకుని వచ్చిన పెత్రొనెలా ఇసుక అంచున ఆగిపోయింది.

రెండు కర్రల మధ్య లేత కొబ్బరాకు ముడివేసి కట్టి ఉంది.

మా వత్‌నార్ దీవిలో ఆకు కట్టారంటే ఆ నేల మీద ఎవరూ అడుగు పెట్టకూడదు. కట్టినవాళ్ళు విప్పేదాకా అంతే. హక్కున్నవాళ్ళే కట్టాలి. హక్కు లేనివాడు కడితే వాడి వంశం నిలవదంటారు.

ఆ భయం మాకుంది. భూములు కొనే కంపెనీ బ్రోకరు స్టెన్లీకి లేదు.

కిందటి నెల అతను నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి, ఇదే చోట, ఇలాగే ఆకు కట్టి పోయాడు. మళ్ళీ అతనే వచ్చి విప్పేదాకా, ఎనిమిది రోజులు ఊళ్ళో ఎవరూ ఇసుక తొక్కలేదు. ఆరబెట్టే చోటు లేక నాచంతా కుళ్ళిపోయింది. పెత్రొనెలాకే పదకొండు మోపులు పోయాయి. మొగుడు పోయాక ఆమెనూ, ఇద్దరు కూతుళ్ళనూ బతికిస్తున్నది ఆ నాచే.

మా ఆచారాన్ని తెచ్చి మా మెడకే ఉరి వేశాడని ఆడవాళ్ళు తిట్టని తిట్టు లేదు.

ఊరి పెద్ద బోనిఫాసియుస్ మాత్రం కంపెనీ మాటే మాట్లాడాడు. ఇసుక అమ్మితే హోటల్ వస్తుందట. ఇంటింటికీ రేకుల కప్పు, పిల్లలకు ఉద్యోగాలట. ఏం ఉద్యోగాలని పెత్రొనెలా అడిగితే, ఇసుక ఊడవడమన్నాడు. మన ఇసుక మనమే ఊడ్చి వాళ్ళ దగ్గర జీతం పుచ్చుకోవాలన్నమాట. సిగ్గులేని బేరం.

అమ్మొద్దని మొత్తుకున్నా వినేవాడు లేడు. సంతకాలు మగవాళ్ళవి. ఆడవాళ్ళను అడిగే అలవాటు ఊళ్ళో లేదు. ఎల్లుండి అధికారి వచ్చి అమ్మకం ఖాయం చేస్తాడని ముందే చెప్పేశారు.

ఇప్పుడు మళ్ళీ ఆకు.

ఆకు పక్కన అరవై దాటిన మనిషొకడు కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ దాకా తడిసిన ప్యాంటు, ఒళ్ళో గుడ్డసంచి. అప్పుడే వచ్చిన పడవలో దిగినట్టున్నాడు.

"ఎవరు కట్టారిది?" అంది పెత్రొనెలా.

"నేనేనమ్మా. నాకు హక్కుంది."

యాస మా దీవిది కాదు. పైగా స్టెన్లీ కూడా సరిగ్గా ఆ మాటే అన్నాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

అతను చేయి చాపాడు. "కాస్త వక్కాకు ఉంటే పెట్టమ్మా."

మా దగ్గర కొత్తగా వచ్చినవాడికి వక్కాకు పెట్టాకే ఏ ఇంటివాడివని అడగాలి. పెట్టందే అతనూ తన ఇంటి సంగతి చెప్పకూడదు. పెత్రొనెలా నడుముకున్న సంచిలో వక్కలూ ఆకులూ ఉన్నాయి. తీయలేదు.

"నీకు జీతమిచ్చేవాణ్ణి అడుక్కో," అంది.

అతని ముఖం చిన్నబోయింది. అయినా లేవలేదు. ఎల్లుండి దాకా ఆ ఆకు ముట్టుకోవద్దని, మీ మంచికే చెబుతున్నానని మెల్లగా అన్నాడు.

మీ మంచికేనంటూనే ఊరంతా అమ్ముకు తింటున్నారు. హక్కు లేనివాడి ఆకుకు ఈసారి తలొగ్గేది లేదని పెత్రొనెలా కేక పెట్టింది. ఒడ్డున తాళ్ళు సర్దుకుంటున్న ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఒకామె కర్రలు పీకింది. పెత్రొనెలా కత్తితో ఆకు కోసి, నలిపి, సముద్రంలోకి విసిరేసింది.

పది రోజులకోసారి వచ్చే పడవ ఇంకా రేవులోనే ఉంది. అతన్ని మెడపట్టి గెంటలేదన్న మాటే గానీ అంత పనీ చేశారు. అతను తిరగబడలేదు. పడవెక్కాక ఇసుక కేసి చూస్తూ ఏదో అనబోయాడు.

"నోరు మూసుకుని కూర్చో, ముసలాయనా," అంటూ పక్కింటి యులిత అతని సంచి పడవలోకి విసిరింది.

ఆ మధ్యాహ్నం ఆడవాళ్ళంతా కర్రపెండలం రొట్టెలు కాల్చుకుని ఎండుచేపతో పంచుకు తిన్నారు. మగవాళ్ళకు చేతకాని పని తాము చేశామనుకున్నారు. పెత్రొనెలా చాలా కాలానికి గట్టిగా నవ్వింది.

చెప్పిన రోజుకే అధికారి ప్రభుత్వ లాంచీలో వచ్చాడు, వెంట స్టెన్లీ. ముందు తీరమంతా తిరిగి చూశాడు. తర్వాత బోనిఫాసియుస్ ఇంట్లో కూర్చుని కాగితాలు పరిచాడు. ఆడవాళ్ళు గుమ్మం బయట నిలబడ్డారు.

తీరం మూడిళ్ళ, అంటే మూడు వంశాల, ఉమ్మడి సొత్తని చదివాడు. రేవు ఇల్లు, బావి ఇల్లు సంతకాలు చేశాయి. మూడోది గాలి ఇల్లు. నలభై ఏళ్ళ కిందట ముత్యాల పనికని వేరే దీవికి వెళ్ళిపోయిన కుటుంబం అది.

"ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదు," అన్నాడు బోనిఫాసియుస్ తడుముకోకుండా.

అధికారి కలం ఆపాడు. మిగిలారని తనకో ఉత్తరం వచ్చిందన్నాడు. మూడిళ్ళలో ఒక్క ఇల్లు కాదన్నా అమ్మకం చెల్లదు. అయితే కాదనేవాడు ఇవాళ ఇక్కడ నిలబడాలి, లేదంటే నేల మీద అతని ఆకైనా ఉండాలి. మనిషి లేడు. ఆకూ కనబడలేదు.

ముద్ర పడింది. స్టెన్లీ లేచి అందరితో చేతులు కలిపాడు.

పెత్రొనెలా గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ఆడవాళ్ళకు ఇక్కడేం పనని ఎవరో గదమాయించినా వినిపించుకోలేదు.

"ఆ ఉత్తరంలో ఏముందో ఒకసారి చదవండి సారూ," అంది.

అధికారి కళ్ళజోడు సర్దుకుని చివరి ముక్క చదివాడు: "గాలి ఇంట్లో మిగిలింది నేనొక్కణ్ణే, పడవ దిగగానే ఆకు కట్టి దాని పక్కనే కూర్చుంటాను, మా ఆడపడుచులు నాచు ఆరబెట్టుకునే ఆ ఇసుకను అమ్మనివ్వను."